సిద్ధమ్మ వంతు

మా అత్త సుబ్బులమ్మను బియ్యం మండీలో తూకం వేసిన రోజు బజారు బజారంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా. 1981లో, దసరా వెళ్లిన వారం అది. డాక్టరు ప్రేమానందం గారి దగ్గరున్న తూకం మిషను ఎత్తుగా ఉండేది, ఆమె మోకాళ్లు అంత ఎత్తు లేచేవి కావు. మా ఆయన ధనంజయకు తిరుపతిలోనే బియ్యం మండీ ఉంది. మూటలు తూచే కాటా నేలకు నాలుగు వేళ్ల ఎత్తే గదా అని ఆమెను జట్కాలో అక్కడికి తీసుకుపోయాం. ఇద్దరు హమాలీలు చెరో రెక్క పట్టుకుని నిలబెట్టారు. తొంభై నాలుగు కిలోలు తూగింది.

అత్త నవ్వలేదు. ముల్లు వైపు కాసేపు చూసి, కొడుకుతో మెల్లగా అంది.

"దీంట్లో సగం నాది కాదు నాయనా."

అందరూ అదీ హాస్యమే అనుకున్నారు. నాకు మాత్రం నవ్వు ఆగిపోయింది. ఆ మిగతా సగం ఎవరిదో నాకు తెలుసు. అది ఆమె ఒంటి మీదికి ఎవరి వల్ల వచ్చిందో నా ఒక్కదానికే తెలుసునని అప్పటికి అనుకుంటూ ఉన్నాను.

సిద్ధమ్మ మా మామ చెల్లెలు. పెళ్లయిన రెండేళ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చి, ఇక్కడే ముసలిదైంది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గానీ మా ఇంట్లో ఆ సామెత తలకిందులు. మామ పోయిన తరువాత కూడా వంటింటి పెత్తనమంతా అత్తదే. సిద్ధమ్మ అందరూ తిన్నాక తినేది, గిన్నె అడుగున ఏముంటే అది తినేది. నేను కాపురానికి వచ్చిన ఆరు నెలలకు, 1970 డిసెంబరులో, ఆమెకు కడుపులో పుండు ముదిరింది. గంజి తప్ప ఇంకేమీ పెట్టవద్దని వైద్యుడు చెప్పిపోయాడు.

అది అనపకాయల కాలం. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కటే పొట్టు పితికి, పితికిపప్పు వండుకుని వేడి సంగటిలో వేసుకుని తినని ఇల్లు మా జిల్లాలో ఆ నెలలో ఉండదు. మా ఇంట్లోనూ వండాం. వంటింటికీ సిద్ధమ్మ పడుకున్న గదికీ మధ్య ఒక్క గోడే. మూడు రోజులు ఆమె అడిగింది, రెండు ముద్దలు పెట్టు వదినా అని. గట్టిగా కూడా కాదు, గోడకేసి తిరిగి పడుకుని అడిగేది. అత్త పెట్టలేదు. నోరు కట్టుకుంటేనే బతుకుతావు అనేది. అత్త రాక్షసి కాదు, ఆమె బతకాలనే అట్లా అంది. కానీ పెత్తనానికి అలవాటు పడిన గొంతులో మంచి మాట కూడా కొట్టినట్టే ఉంటుంది. నాలుగో రోజు పొద్దున సిద్ధమ్మ పోయింది.

పదకొండో రోజు కర్మలో పెరటి గోడ మీద విస్తరి పరిచి పిండం పెట్టారు. సంగటి, పితికిపప్పు కూడా పెట్టారు. కర్త మా ఆయనే. కా, కా అని గొంతు పోయేలా పిలిచాడు. ఒక్క కాకి రాలేదు. ఎదురింటి మీద వరసగా కూర్చున్నాయి, ఇటు మాత్రం రాలేదు. గంట దాటింది. దర్భతో కాకిని చేసి ముట్టించి, విస్తరి ఆవుకు పెట్టేశారు. చుట్టాలు గుసగుసలాడుకున్నారు. కోరిక తీరకుండా పోయిన మనిషి, ఆకలితో పోయిన మనిషి, కాకి ఎందుకు ముడుతుంది అన్నారు.

కాకి ఎందుకు ముట్టలేదో నాకు తెలుసు. ఆ వారంలోనే పల్లె నుంచి మా వంతు చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, వచ్చాయి. ఆరని పచ్చి కాయలు నిలవ ఉండవు గదా, మిద్దె మీద ఆరబోశాం. కాకులు తోలే పని నాది. ఎండలో కూర్చోలేక, కరెంటు స్తంభం కింద చచ్చి పడిన కాకినొకదాన్ని తెచ్చి, కర్రకు కట్టి, మిద్దె మీద నిలబెట్టాను. చచ్చిన కాకి వేలాడే చోటికి కాకులు రావు, అది పిల్లలకు కూడా తెలుసు. కర్మ రోజు దాన్ని తీయడం మరిచిపోయాను. పెరట్లో నిలబడిన మగవాళ్లకు అది కనబడదు, కాకులకు కనబడుతుంది. మా ఆయన గొంతు పగిలేలా పిలుస్తుంటే నాకు గుర్తొచ్చింది. కొత్త కోడలిని, అంతమంది ముందు నోరు తెరవడానికి భయపడ్డాను. తేలు కుట్టిన దొంగలా ఊరకున్నాను. సాయంత్రం వెళ్లి దాన్ని తీసి కాలువలో పారేశాను.

ఆ మరుసటి రోజే అత్త మొదలుపెట్టింది. తన భోజనం తాను తినేది. అయిపోయాక లేవదు. అదే కంచంలో మళ్లీ మొదటి నుంచి వడ్డించుకునేది, సంగటి, కూర, చారు, మజ్జిగ. ఒక నిమిషం కళ్లు మూసుకుని, పెదవులతో ఏదో అని, తినేది. ఆకలితో తినే తిండి కాదు అది. కొన్నిసార్లు కళ్ల వెంట నీళ్లు కారుతూ ఉండేవి, అయినా ముద్ద మింగేది. ఎవరూ అడగలేదు, అడగక్కర్లేదు కూడా. సిద్ధమ్మ వంతు అని ఇంటిల్లిపాదికీ తెలుసు. రెండు పూటలూ అంతే, పదకొండేళ్లు.

ఆ పదకొండేళ్లలో ఆమె ఒళ్లు ఎలా పెరిగిందో చూసినదాన్ని నేనే. మొదట మిద్దె మెట్లు మానేసింది. తరువాత గుడి మానేసింది. ఆ తరువాత వీధి. తూకం వేసిన ఏడాది ఆమెకు అరవై ఆరేళ్లు, మంచం నుంచి స్నానాల గదికి గోడ పట్టుకుని పోవడానికి పావుగంట పట్టేది. ఆమె గోడ మీద చెయ్యి ఆనించి నిలబడి ఊపిరి తీసుకుంటున్నప్పుడల్లా నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని.

ప్రేమానందం గారు మంచి డాక్టరు, మెత్తగా మాట్లాడతారు. మోకాళ్లలో గుజ్జు అరిగిందనీ, పోయిన గుజ్జు తిరిగి రాదనీ, ఉన్నది నిలవాలంటే బరువు తగ్గాలనీ చెప్పారు. పస్తు పెట్టవద్దన్నారు. ఈ వయసులో పస్తులుంటే కొవ్వు కంటే ముందు కండ పోతుందట, కండ పోతే ఇక లేవలేదట. అన్నం తగ్గించి, ఆకుకూర, పప్పు, ఒక గుడ్డు పెట్టమన్నారు. రోజుకు పదిసార్లు కుర్చీలో కూర్చుని లేవాలి. కర్ర పట్టుకుని ముందు వాకిలి దాకా, తరువాత వీధిలో రెండిళ్ల దాకా నడవాలి. నన్ను బయటికి పిలిచి ఇంకో మాట చెప్పారు. వచ్చే వేసవి లోపల ఆమె నడవకపోతే ఇక మంచమేనమ్మా అన్నారు.

ఆ రోజు నుంచి వంటింటి పెత్తనం నాదైంది. నిజం చెబుతున్నాను, మొదటి రెండు రోజులు నాకది బాగానే ఉండింది. కొలిచి వడ్డించాను. రెండో వంతు లేదన్నాను. నోరు కట్టుకుంటే నడుస్తావత్తా అన్నాను. అన్నాక ఆ మాట నా చెవిలోనే మోగింది. సిద్ధమ్మ పడుకున్న గది వైపు చూడకుండా గిన్నె సర్దుకున్నాను.

అత్త గొడవ చేయలేదు. నేను పెట్టిన ఒక్క వంతూ ముందు పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదిపి తినేది. నాలుగో రోజుకు గానీ నాకు అర్థం కాలేదు. ఆమె తన వంతు మానుకుంది. తినేదంతా సిద్ధమ్మ పేరనే తింటోంది. కుర్చీలోంచి లేవమంటే లేచేది కాదు. నాలుగడుగులు వేయి అత్తా అంటే నా వైపు విసుగు లేకుండా చూసి అంది.

"తినేది ఆమె. నడిసేది నేనంటే, నాకు బలం యాడిది మే?"

కార్తీకం పోయింది. బరువు మూడు కిలోలు తగ్గింది గానీ మనిషి లేవడమే మానేసింది. స్నానానికి కూడా నేనూ మా ఆయనా ఎత్తి కూర్చోబెట్టాలి. కాళ్లు సన్నబడ్డాయి. డాక్టరు చెప్పిన కండ నా కళ్ల ముందే కరిగిపోతోంది. గోడ పట్టుకుని నిలబడేదే పోయింది. సగం నాది కాదని కాటా మీద ఆమె అన్న మాట నన్ను నిద్రలో కాదు, పట్టపగలు కూరగాయలు తరుగుతుంటే పట్టుకునేది. మోయించింది నేను. ఒక్క మాట చెబితే ఆమె ఆ బరువు దించేస్తుందని నా నమ్మకం. చెబితే నన్ను ఏమంటుందోనని నా భయం.

డిసెంబరులో బజారుకు అనపకాయలు వచ్చాయి. కూర్చుని చేసే పనే గదా అని నానిన గింజల గిన్నె అత్త ముందు పెట్టాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని పితుకుతున్నాం. మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరు. గింజ మీద గింజ పడే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ చప్పుడు తట్టుకోలేక చెప్పేశాను.

"అత్తా, ఆ పొద్దు కాకి రాకపోయింది సిద్ధమ్మ వల్ల కాదు. మిద్దె మీద సచ్చిన కాకిని కట్టింది నేనే. తీసేది మర్సిపోయినాను."

ఆమె వేళ్లు ఆగలేదు. ఇంకో నాలుగు గింజలు పితికింది.

"తెలుసు" అంది.

నేను పితకడం ఆపేశాను.

"పొద్దున మిద్దె యెక్కినప్పుడే దాన్ని సూసినాను. ధనంజయ పిలస్తా ఉన్నాడు. ఒక మాట సెప్పింటే యెవురో ఒకరు పోయి తీసేసిందురు. నేను సెప్పలేదు."

ఎందుకని అడిగాను. ఆ అడగడంలో కోపమే ఉంది. పదకొండేళ్లు నేను లోపల్లోపల కాలుతుంటే ఈమె చూస్తూ కూర్చుందా అని.

"కాకి ముట్టింటే ఆమె కడుపు నిండి పోయిందని అందరూ ఇండ్లకు పోయిందురు. నేనూ అట్లనే అనుకొని పడుకొనిందును. నిండలేదని నాకు తెలుసు గదా. కాకికి అడ్డం నువ్వు పెట్టినావు మునిలక్ష్మీ. కూటికి అడ్డం నేను పెట్టినాను."

నా తప్పు ఒప్పుకుంటే ఆమె కాళ్లు వస్తాయనుకున్నదాన్ని. నా తప్పుకు అక్కడ చోటే లేదు. ఆమే మళ్లీ అంది, సిద్ధమ్మ ఇప్పటికీ అడుగుతుందని. రోజూ రెండు పూటలా, కంచం ముందు కూర్చోగానే, గోడకేసి తిరిగి పడుకుని అడిగినట్టు చిన్నగా వినబడుతుందట. ముద్ద నోట్లో పెట్టుకుంటే కాసేపు ఆగుతుందట.

కాకికే పెట్టి చూద్దాం అన్నాను. వారం రోజులు ఆమె చేతితోనే విస్తరిలో పెట్టించి, నేను తీసుకుపోయి పెరటి గోడ మీద ఉంచాను. కాకులు మందలుగా వచ్చి, మెతుకు మిగలకుండా తిని పోయాయి. అత్తను అడిగితే, కాకులు తిన్నాయి గానీ ఆమె అడగడం మానలేదు అంది. అప్పుడు నాకు విసుగొచ్చి, మనిషి ఆకలికి కాకులేం చేస్తాయి, మనిషికే పెట్టు అన్నాను. విసుగులో అన్న మాటే. ఆమె తలెత్తి, ఎవురికి అని అడిగింది.

మా వీధి చివర, మా ఇంటికి ఏడో ఇల్లు దాటాక ఒక గుడిసెలో అక్కమ్మ ఉండేది. ప్రేమానందం గారి దగ్గర సీసాలు కడిగి, చేతులు వణుకు పట్టాక మానేసిన ముసలిది. ఒక పూట తినేది, ఆ పూటైనా నిక్కచ్చిగా ఉండేది కాదు. నేను తీసుకుపోయి ఇస్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు. నా చేత్తో పెట్టనిది పెట్టినట్టు కాదు, ఆ పొద్దూ పెట్టనిది నా చెయ్యే అంది. నెలన్నర కుర్చీలోంచి లేవని మనిషి రెండు చేతులూ ఆనించి లేచి నిలబడింది. మూడుసార్లు కూలబడి, నాలుగోసారి నిలబడింది.

మొదటి రోజు మూడో ఇల్లు దాటలేదు. దేవకమ్మ వాళ్ల అరుగు మీద కూలబడి, చెమట్లు కక్కుతూ, గిన్నె మాత్రం నా చేతికి ఇవ్వలేదు. నేనే పోయి అక్కమ్మను పిలుచుకొచ్చాను. అక్కమ్మ గిన్నె మూత తీసి, సంగటి చూసింది, పితికిపప్పు చూసింది. నోరూరింది, గొంతు కదలడం నేను చూశాను. అయినా మూత పెట్టేసింది.

"ఇది యెవురి దినం కూడమ్మా? సచ్చినోళ్ల పేరుతో పెట్టేది మేము తినం. దేవుడు ఒప్పడు."

అక్కమ్మ క్రైస్తవురాలన్నది నాకు తట్టనే లేదు. దినం కాదు, ఊరికే అని నేను అబద్ధం చెప్పబోయాను. ఆమె నా వైపు చూడలేదు. అత్త ముఖమే చూస్తోంది.

"నా పేరు సెప్పి పెట్టుమా, తింటాను. నాకూ ఆకలే."

అత్త పెదవులు కదిలాయి. పదకొండేళ్లుగా ముద్ద ముందు అదే పేరు అనుకున్న పెదవుల మీదికి వేరే పేరు రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నాకు ఆ అరుగు మీద ఇంకో మనిషి కూర్చుని వింటున్నట్టు అనిపించింది. అత్త గిన్నె ముందుకు తోసింది.

"అక్కమ్మా, తిను."

అక్కమ్మ అక్కడే కూర్చుని తింది. తినేదాకా అత్త ఆమె చేతినే చూస్తూ ఉంది. ఇంటికి తిరిగి రావడానికి ముప్పావుగంట పట్టింది. ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, కళ్లు మూసుకోకుండా, నేను పెట్టిన ఒక్క వంతు తినేసి చెయ్యి కడుక్కుంది.

తరువాత రోజూ అదే. అక్కమ్మను పిలిపించుకోవడం తనకే నచ్చక సంక్రాంతి వెళ్లేసరికి ఐదో ఇంటి దాకా పోయింది, శివరాత్రికి గుడిసె దాకా. రోజూ గొణిగేది, కాళ్లను తిట్టేది, వీధిలో ఆవులను తిట్టేది, గిన్నె మాత్రం వదిలేది కాదు. కుర్చీలోంచి పదిసార్లు లేవడం కూడా గిన్నె కోసమే చేసేది. ఉగాదికి మండీ కాటా మీద ఎనభై ఐదు. ఎవరూ పట్టుకోలేదు, తనే ఎక్కి తనే దిగింది. ప్రేమానందం గారు మోకాళ్లు నొక్కి చూసి, ఏం మందు వేశావమ్మా అని నన్ను అడిగారు.

అందరూ సంతోషించారు. నేను కూడా సంతోషించాల్సిందే. ఆమె తన ఆడబిడ్డకు చేసిన దానికి దారి దొరికింది, రోజూ ఏడిళ్లు నడిచి దించుకుని వస్తోంది. నన్ను మాత్రం తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. అప్పటి నుంచి వంటింట్లో నాకు ఒకటి మొదలైంది. వడ్డించేటప్పుడు కంచాలు లెక్క కంటే ఒకటి ఎక్కువ తీసేదాన్ని. తీసి, మళ్లీ పెట్టేసేదాన్ని. గోడ అవతలి గది ఖాళీగా ఉందని తెలిసి కూడా తాలింపు వేసేటప్పుడు అటు తలుపు చేరవేసేదాన్ని. అడగడం మానేసిందని అత్త ఒక రోజు తనంతట తానే చెప్పింది. యాడికి పోయిందో తెలీదు అంది. నేను గరిటె కడుగుతూ విన్నాను.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం, అక్కమ్మ దగ్గరి నుంచి తిరిగి వచ్చిన అత్త గుమ్మంలో చెప్పులు విడిచి, కర్ర గోడకు ఆనించి, నేరుగా వంటింట్లోకి వచ్చింది. నన్ను కూర్చోమంది. నువ్వు తిన్నాక తింటానత్తా అన్నాను. కూర్చో అని మళ్లీ అంది, పాత గొంతుతో. కూర్చున్నాను. ఆమె ఏమీ పట్టుకోకుండా నిలబడి నాకు వడ్డించింది. నేను కాపురానికి వచ్చాక అత్త నిలబడి నాకు వడ్డించడం అదే మొదలు. నా కళ్లు నిండాయి. తల వంచుకుని తిన్నాను.

కంచం ఖాళీ అయింది. చెయ్యి కడుక్కోవడానికి లేవబోతుంటే ఆమె వంగి, సంగటి ఇంకో ముద్ద వేసి, దాని మీద కూర వేసింది.

"నేను అడగలేదే అత్తా" అన్నాను.

అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"అడిగినావులే, ఆమె మాదిరే సిన్నగా" అంది. "తిను."

నేను తిన్నాను.